తుల్జాపూర్ గాజులు

1939 ఫిబ్రవరి 21, మంగళవారం పొద్దున బాన్సువాడ ఠాణా వరండాలో భీమ్లి అనే లంబాడా ఆమె తన కుడిచేతి గాజు ఒకటి తీసి ఠాణా అధికారి అయిన అమీన్ బల్ల మీద పెట్టింది. ఆమె భర్త, తండా నాయక్ లక్‌పతి బతికే ఉన్నాడు. అదే వరండాలో స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు.

వాళ్ళ తండాలో మొగుడున్న ఆడది గాజు తీయదు. పెళ్ళినాడు మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి భుజం దాకా ఎక్కిన తెల్ల గాజులు మొగుడి శవం లేచిన రోజునే దిగుతాయి. ఒకటి పగిలితే కొత్తది ఎక్కించాకే పగిలినదాన్ని తీస్తారు. అందుకని ఠాణా ముందు మట్టిలో కూర్చున్న తండా ఆడవాళ్ళు భీమ్లిని చూసి లేచి నిలబడ్డారు. ఒకామె శోకం ఎత్తుకుంది. ఎవరు పోయారని పక్కామె అడిగింది. ఎవరూ పోలేదు, నాయక్ అక్కడే ఉన్నాడని మూడో ఆమె చెప్పింది. శోకం మధ్యలో ఆగింది.

ఆ గాజు బల్ల మీదికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే అప్పటికి సంగతి ఎక్కడ ఉందో చెప్పుకోవాలి.

అంతకు వారం ముందు, రాజేశ్వర్ పటేల్ చెరుకు తోట దగ్గర, బెల్లం వండే పొయ్యి ముందు భీమ్లి కూతురు కేస్లీ కాలింది. పొయ్యి నోట్లోకి చెరుకు పిప్పి తోయడం ఆమె పని. చేతులు రెండూ భుజాల దాకా, మెడ, ఒక చెంప కాలాయి. నిజామాబాద్ దవాఖానలో పడుకోబెట్టారు. ఆమెకు ఇంకా మాట రాలేదు. ఆమె మొగుడు లోక్యా అదే తోటలో గానుగకు చెరుకు అందిస్తుండేవాడు. మరునాడే అతన్ని ఠాణాలో వేశారు. ఫిర్యాదు చేసింది కేస్లీ తండ్రి, తండా నాయక్ లక్‌పతి. అల్లుడు తన కూతురి ఏనుగు దంతం గాజులు లాక్కున్నాడనీ, అది బయటపడకుండా ఆమెను పొయ్యిలోకి తోశాడనీ రాయించాడు.

దానికి రెండు ఆధారాలు దొరికాయి. మొదటిది, కేస్లీ చేతుల మీద ఒక్క గాజు లేదు. పొయ్యి చుట్టూ, బూడిదలో వెతికితే ముక్క కూడా దొరకలేదు. దంతం మంటలో నల్లబడుతుంది, పగులుతుంది. మాయం కాదు. రెండోది సమ్మవ్వ సాక్ష్యం. సమ్మవ్వ పెనంలో పాకం కలిపే కూలి మనిషి. మంట లేవడానికి కొద్దిగా ముందు లోక్యా గానుగ దగ్గరి నుంచి ఉరికి వచ్చి పెండ్లాన్ని పట్టుకొని, "తీసెయ్, గాజులు తీసెయ్" అని అరిచాడని ఆమె చెప్పింది. తండాలో మొగుడు నోటితో ఆ మాట అనడమంటే, ఇక నీకు మొగుడు లేడనుకో అని నలుగురిలో చెప్పడం. కూలి మనుషులందరికీ అది తెలుసు.

లోక్యా ఏమీ చెప్పలేదు. కొట్టినా చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నం బస్సులో కాగితాలు నిజామాబాద్ కచేరీకి పోవాలి. అవి పోతే, తరువాత బేడీలతో లోక్యా పోతాడు. ఆ కాగితాలు కట్టకముందు అమీన్ యాకూబ్ బేగ్ ఒక మనిషిని పిలిపించాడు. పోయిన భాగం చివర జవాను నర్సింలు ఠాణాలోకి తీసుకొచ్చింది అతన్నే. డోంగ్లి గాజుల బేపారి, ధోండిబా కాసార్.

యాకూబ్ బేగ్‌కు నాలుగు రోజులుగా చలిజ్వరం. కుర్చీలో శాలువ కప్పుకొని కూర్చున్నాడు. ముందు చాయ్ ఉంది. పైన మీగడ కట్టింది. అతను తాగలేదు.

"గాజులు అమ్ముతవా?"

"హో సాహెబ్. మా ఆజా అమ్మిండు, మా బాబా అమ్మిండు, నేను అమ్ముతున్న."

"దంతం గాజులు?"

"దంతం ఏడిది సాహెబ్ ఇప్పుడు?" అన్నాడు ధోండిబా. "ఏనుగులు తక్కువైనయ్, పెండ్లిళ్ళు ఎక్కువైనయ్."

నర్సింలు నవ్వాడు. అమీన్ నవ్వలేదు.

"మరి ఆ తండా ఆడోళ్ళ చేతులకున్న తెల్లగాజులు ఏంది? దంతమా?"

ధోండిబా వరండా అవతల కూర్చున్న ఆడవాళ్ళ దిక్కు చూశాడు. స్తంభం దగ్గర నిలబడ్డ లక్‌పతి దిక్కు చూడలేదు.

"ఇంత దూరం నుంచి ఎట్ల చెప్పాలె సాహెబ్?"

"దగ్గరికి పిలుస్త. అప్పుడు చెప్తవా?"

ధోండిబా కాసేపు తలపాగా సర్దుకున్నాడు. "జపాన్ మాల్ కావచ్చు" అన్నాడు.

"జపాన్ మాల్ అంటే?"

"బొంబాయిల సెల్యులాయిడ్ అంటరు. మేం జపాన్ దంతం అంటం."

అది ఏందో చెప్పమన్నాడు అమీన్. ధోండిబా చెప్పాడు. సరుకు గురించి అడిగితే అతని గొంతులో భయం తగ్గింది. బేపారికి అదొక అలవాటు.

"పత్తే సాహెబ్. మన దిక్కు పండే పత్తి అసొంటిదే. దాన్ని కంసాలోళ్ళు బంగారం కడిగే తేజాబ్‌ల నానవెడ్తరంట. కడిగి, ఎండవెట్టి, కర్పూరం కలిపి రుబ్బుతరంట. జొన్నరొట్టె పిండి తీర్గ అయితది. గట్టివడ్డంక రేకులు కోస్తరు. ఏ రంగు కలిపితే ఆ రంగు. తెలుపు కలిపి నడుమ సన్నగీతలు దింపిన్రనుకోండ్రి, ఏనుగును పెంచినోడు కూడ పోల్చలేడు."

"పత్తిని గాజు చేస్తరా?"

"గాజు ఒక్కటేనా? ఉడుకునీళ్ళల్ల ఏస్తే మెత్తవడ్తది. ఎట్ల వంచితే అట్ల వంగుతది. సల్లారితే అట్లనే నిలుస్తది. ఇసొంటి గుణం దంతానికి లేదు, కొమ్ముకు లేదు, లక్కకు లేదు. లక్క ఎండకు కరుగుతది, దెబ్బకు పగులుతది. ఇది కిందవడ్డా పగలది. అందుకే దీంతోని దువ్వెనలు చేస్తరు, కత్తిపిడికి ఏస్తరు, పిల్లల బొమ్మలు పోస్తరు. మీ ఊరి భజన మండలి హార్మోని మెట్లు చూడుండ్రి, తెల్లయి. దంతమని చెప్పి అమ్మిన్రు గావచ్చు, గదే మాల్. నిజామాబాద్‌ల తంబు ఏసి సినిమా ఆడిస్తున్నరు గద. ఆ రీలు గదే." అతను కొంచెం ముందుకు వంగాడు. "మీ అద్దాల చట్రం కూడ గదే సాహెబ్."

యాకూబ్ బేగ్ కళ్ళద్దాలు తీసి చట్రం చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాలుతదా?"

"ఏంది సాహెబ్?"

"ఈ మాల్. నిప్పు తగిలితే కాలుతదా?"

"లోకంల కాలనిది ఏమున్నది? మనిషి కూడ కాలుతడు."

"ఆ సంగతి నాకు వారం నుంచి ఎరుకే. అడిగినదానికి చెప్పు."

ధోండిబా మాట తప్పించాడు. తన దగ్గర ఆ సరుకు ఒక్కటి కూడా మిగల్లేదనీ, శివరాత్రికి అంతా పోయిందనీ అన్నాడు. నర్సింలు అతని పెట్టె తెచ్చి బోర్లించాడు. గాజు గాజులు, పూసలు, కాటుక డబ్బాలు పడ్డాయి. తెల్లవి లేవు.

అమీన్ కణతలు నొక్కుకున్నాడు. ఎదురుగా ఉన్న ఆడవాళ్ళ చేతుల నిండా గాజులున్నాయి. ఒకటి తీసివ్వమని అడిగితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఈ తాలూకాలో అతనికి ఇది మూడో ఏడు.

"దంతం ఏదో, ఇది ఏదో, కాల్చకుంట తెలుసుకునే తొవ్వ ఉన్నదా?"

"ఉన్నది సాహెబ్. బట్టకు గట్టిగ రుద్దాలె. ఎచ్చగైనంక ముక్కు కాడ పెట్టుకుంటే కర్పూరం వాసన కొడ్తది. దంతానికి రాదు."

భీమ్లి వరండా మెట్టు మీద కూర్చొని ఉంది. కూతురు కాలిన మరునాటి నుంచి రోజూ తండా నుంచి నడిచి వచ్చి అక్కడే కూర్చుంటోంది. లోపలున్న అల్లుడికి అన్నం తేలేదు. అతన్ని తిట్టనూ లేదు. భర్త ఫిర్యాదు రాయిస్తుంటే విన్నది. ఔననలేదు, కాదనలేదు. మంగళవారం కూడా పొద్దున్నుంచి ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

కర్పూరం మాట విన్నాక ఆమె కుడిచేతి మణికట్టు దగ్గరి గాజును కట్టుకున్న పేటియ లంగా అంచుకు రుద్దింది. చాలాసేపు రుద్దింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ రుద్ది, మళ్ళీ వాసన చూసింది. అప్పుడు లేచింది. గాజు మణికట్టు దాటడానికి మొరాయించింది. ఆమె బొటనవేలిని అరచేతిలోకి మడిచి లాగింది. తోలు గీరుకుపోయింది. వచ్చిన గాజును తీసుకెళ్ళి బల్ల మీద, చాయ్ పక్కన పెట్టింది.

"భీమ్లీ!" అన్నాడు లక్‌పతి. "నేను ఈడ నిలవడి ఉండంగ, ఏం పనే అది?"

ఆమె అమీన్‌తో అంది, "కాల్చి చూడు సాబ్."

"మంచిగ ఆలోచించినవా అవ్వా?"

"రెండేండ్ల కింద ఆలోచించాల్సింది. అప్పుడు వాసన చూసి మొక్కిన."

చాయ్ కాచే కుంపటి నుంచి నర్సింలు పట్టుకారుతో ఒక నిప్పు తెచ్చాడు. గాజును వరండా బండ మీద పెట్టారు. యాకూబ్ బేగ్ కుర్చీ దిగి వచ్చి కూర్చున్నాడు. పట్టుకారు తనే తీసుకొని నిప్పును గాజుకు తాకించాడు.

గాజు రాజుకోవడం ఎవరికీ కనపడలేదు. మంటే కనపడింది. అది నిప్పు తాకిన చోట లేచి రెండు వైపులా గాజు చుట్టూ ఉరికి అవతలి వైపు కలిసింది. అమీన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పట్టుకారు కింద పడింది. నర్సింలు నీళ్ళ కోసం లేచేసరికి మంట లేదు. గాజు కూడా లేదు. బండ మీద గుండ్రంగా ఒక మసి గీత, ఊదితే పోయేంత బూడిద మిగిలాయి.

వరండా అంతా కర్పూరం వాసన వచ్చింది. దాని కింద గొంతులో గుచ్చే ఇంకో వాసన ఉంది. ముందు వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు హారతికి చాచినట్టు మంట దిక్కు చేతులు చాచారు. కళ్ళకద్దుకోబోయి ఆగారు. తరువాత ఆ చేతుల నిండా ఉన్న గాజుల దిక్కు చూసుకున్నారు. ఒకామె చేతులు ఒంటికి దూరంగా పట్టుకొని నిలబడింది, అవి ఎవరివో అన్నట్టు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు అమీన్ ధోండిబాతో. "ఎవరికి అమ్మినవ్?"

"సాహెబ్, నేను దంతమని అమ్మలేదు. భవాని మీద ఆన. గిది జపాన్ మాల్ అని చెప్పే ఇచ్చిన. నిప్పుకు దూరం ఉంచుమని కూడ చెప్పిన."

"ఎవరికి చెప్పినవ్?"

ధోండిబా అప్పుడు స్తంభం దిక్కు చూశాడు.

రెండేళ్ళ కింద లక్‌పతి తుల్జాపూర్ యాత్రకు పోయి వచ్చాడు. అక్కడ ఒక సేఠ్ మొక్కు చెల్లించుకుంటూ లంబాడా ఆడవాళ్ళకు కొత్త దంతం గాజులు పంచుతున్నాడని, భవాని పాదాల దగ్గర పెట్టి ఇచ్చాడని చెప్పి రెండు మూటలు దించాడు. వాసన చూడమన్నాడు. తండా అంతా వాసన చూసింది. కర్పూరం. దేవి ముందు హారతి వాసన ఇంకా పోలేదని ముసలివాళ్ళు అన్నారు. కొత్తది ఒకటి ఎక్కించడం, పాతది ఒకటి దించడం, ఆ రకంగా రెండు రోజులు పట్టింది. పాత గాజులు అమ్మమ్మల నాటివి, పసుపు తిరిగినవి, అసలు దంతం. దేవి గాజులు వచ్చాక వాటిని ఇంట్లో ఉంచకూడదు, మంజీరలో కలిపి వస్తానని లక్‌పతి అదే మూటల్లో కట్టుకొని పోయాడు.

ఆ నెలలోనే అతని ఇంటికి ఎడ్ల జత వచ్చింది.

భర్తా భార్యా మాట్లాడుకున్నది లంబాడాలో. నర్సింలుకు ఆ భాష కొంత వచ్చు. అతను అమీన్‌కు తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"కేస్లీ బాపూ" అంది భీమ్లి. "మా అత్త గాజులు ఏ నీళ్ళల్ల కలిపినవ్?"

"మంజీరల. చెప్పిన గద."

"మంజీరల ఏసిన దంతం కోడెలై తేలిందా?"

ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. నవ్వినామెను పక్కామె గిల్లింది.

"జొన్నలు అమ్మి తెచ్చిన ఎడ్లవి" అన్నాడు లక్‌పతి.

"ఆ ఏడు జొన్నలు యాడ పండినయ్? కాలువ తెగి చేను మునిగింది. అంబలికి కూడ రాజేశ్వర్ పటేల్ ఇంటికి పోయిన నేను." ఆమె గొంతు పెరగలేదు. "రెండేండ్లు దున్నుతున్నయ్. మా అత్త గాజులు దున్నుతున్నయ్. నేను వాటికి కుడితి పెట్టిన, పసుపు రాసిన."

"అందరి కోసమే చేసిన. ఒక్క నా చేనే దున్నిన్నా? అడిగినోని చేనల్లా దున్నలేదా?"

"పిల్ల చేతులు అడిగినయా?"

లక్‌పతి తెలుగులో, అమీన్‌తో అన్నాడు, "కాలుతదని నాకు తెల్వదు సాబ్. దూరం పెట్టుమన్నడు, కాలుతదని చెప్పలే. నా బిడ్డ అది. తెలిస్తే ఎక్కిస్తనా?"

"తెల్వకపోవచ్చు" అన్నాడు యాకూబ్ బేగ్. అతను మళ్ళీ కుర్చీలో కూర్చొని శాలువ కప్పుకున్నాడు. "దంతం కాదని మాత్రం తెలుసు. తెలిసి, అల్లుడు దంతం ఎత్తుకపోయిండని ఎట్ల రాయించినవ్?"



లోపలి నుంచి ఊచలు చప్పుడయ్యాయి. లోక్యా లేచి నిలబడ్డాడు. వారం తరువాత అతను మొదటిసారి మాట్లాడింది అత్తతో.

"అత్తా, తీసినవా?"

"ఒకటి తీసిన."

"అన్నీ తియ్యి."

ఆడవాళ్ళలో మళ్ళీ కదలిక వచ్చింది. ఇదే మాట మీద అతను లోపల ఉన్నాడు.

అమీన్ తలుపు దగ్గరికి పోయాడు. "ఇగనన్న చెప్తవా?"

లోక్యా చెప్పాడు. ఆగి ఆగి చెప్పాడు. పోయిన నెలలో ఒకరోజు కేస్లీ ఉడుకు నీళ్ళతో పెనం కడుగుతుంటే మణికట్టు దగ్గరి గాజు మెత్తబడి సాగింది. ఆమె దాన్ని పట్టుకొని కూర్చుంది. అతను నవ్వాడు. వేళ్ళతో నొక్కి మళ్ళీ గుండ్రంగా చేశాడు. ఆమె నవ్వలేదు. దంతం మెత్తబడదని ఆమెకు తెలుసు. తండ్రి ఎడ్లు ఎట్లా వచ్చాయో ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఎవరికీ చెప్పనని ఆన పెట్టించుకున్నది సాబ్. మా బాపు ఇజ్జత్ పోతది, తండా మీద పడ్తది అన్నది. తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఆన పెట్టించుకున్నది."

"మరి ఆ రోజు?"

"గానుగ కాడ ఒక ముక్క దొరికింది. ఆమె గాజుదే. పొద్దుగాల చెరుకు మోపు ఎత్తంగ చిట్లింది గావచ్చు. బీడీ ముట్టించిన పుల్ల ఇంక ఆరలే. ఊకెనే తాకించిన. మా సోపతోడు భిక్యా పక్కనే ఉన్నడు, చేతుల పిడికెడు మంట లేచిందని ఎగిరిండు." లోక్యా తన కుడి అరచేయి ఊచల్లోంచి బయట పెట్టాడు. నడుమ కాలిన మచ్చ మీద పొక్కు ఎండింది. "ఉరికిన. తీసెయ్, తీసెయ్ అని అరిచిన. ఆమె నా దిక్కు చూసింది."

"ఏమన్నది?"

"నువ్వు సచ్చినంక తీస్తనన్నది. నవ్వి అన్నది. పిప్పి తోసింది."



"ఇన్ని దెబ్బలు తిన్నవు" అన్నాడు అమీన్. "మొదటి రోజే చెప్తే ఏంబోయె?"

"ఆన పెట్టిన గద సాబ్. ఆమె బతికే ఉన్నది. ఆన తప్పితే ఆమెకే తగుల్తది." లోక్యా చెయ్యి లోపలికి తీసుకున్నాడు. "ఇప్పుడు నేను చెప్పింది ఏం లేదు. అత్తకు ముందే తెలిసింది."

యాకూబ్ బేగ్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఫిర్యాదు లక్‌పతిది. దాన్ని లక్‌పతే మార్చాలి. గాజులు తానే తెచ్చాడనీ, అవి దంతం కావనీ, అల్లుడు ఏమీ ఎత్తుకుపోలేదనీ రాసి వేలిముద్ర వేస్తే కాగితాలు బస్సెక్కవు, లోక్యా సాయంత్రానికి ఇంటికి పోతాడు. వేయకపోతే, గాజు కాలుతుందని తేలినంత మాత్రాన మనిషి మనిషిని తోయలేదని తేలదు. ఈ సంగతి అమీన్ తెలుగులో, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

లక్‌పతి వరండా అవతలికి చూశాడు. తండా ఆడవాళ్ళు ఇప్పుడు కూర్చోలేదు. మెట్ల దాకా వచ్చారు. వాళ్ళ పాత గాజులు కూడా ఆ రెండు మూటల్లోనే పోయాయి.

"వేలు పెడ్తే వీళ్ళ మొగోళ్ళు నన్ను బతకనియ్యరు సాబ్."

"నేను గాజు తీసిన" అంది భీమ్లి. "నా లెక్కల నువ్వు పోయినవ్. ఇగ వాళ్ళు కొత్తగ సంపేదేంది?"

లక్‌పతి ఆమె చేతి దిక్కు చూశాడు. మణికట్టు దగ్గర గాజు ఉన్న చోట తోలు తెల్లగా ఉంది. గీరుకున్న చోట నెత్తురు ఎండింది.

"రాయుండ్రి" అన్నాడు.

ఠాణాలో రాతకోతలు చూసే ముహర్రిర్ ఉర్దూలో రాశాడు. రాసింది చదివి తెలుగులో చెప్పాడు. లక్‌పతి ప్రతి మాటకూ తల ఊపాడు. నర్సింలు అతని ఎడమచేతి బొటనవేలికి సిరా పూశాడు. అప్పుడు లక్‌పతి మంచినీళ్ళు అడిగాడు. గొంతు ఎండిందన్నాడు. ఠాణా వెనక బావి ఉంది. నర్సింలు తీసుకుపోయాడు.

అదే సమయంలో ఆడవాళ్ళు మెట్లెక్కి ధోండిబాను చుట్టుకున్నారు. ఒకామె అతని తలపాగా లాగింది. మా అమ్మ గాజులు ఎక్కడున్నాయో చెప్పమని అడిగింది. బొంబాయికి పోయాయని, ఏ దొర ఇంట్లో కత్తిపిడి అయ్యాయో తనకేం తెలుసని అతను అరిచాడు. అమీన్ నర్సింలును కేకేశాడు. నర్సింలు బావి దగ్గరి నుంచి ఉరికి వచ్చాడు. ఆడవాళ్ళను మెట్లు దింపి తిరిగి పోయాడు.

బావి దగ్గర బొక్కెన నిండుగా ఉంది. తాడు మీద సిరా మరక ఉంది. లక్‌పతి లేడు.

మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టుకుంటూ ఠాణా ముందు ఆగింది. డ్రైవరు కాగితాలేవని అడిగాడు. ఇయ్యాల లేవు, రేపటి బస్సుకు ఇస్తానని అమీన్ చెప్పాడు. రెండు కట్టలు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. పాతదాని మీద లక్‌పతి వేలిముద్ర ఉంది. కొత్తదాని మీద లేదు.

లోక్యా లోపలే ఉన్నాడు.

పొద్దు వాలేవేళకు రాజేశ్వర్ పటేల్ మనిషి వచ్చి, పాకం పొయ్యి మీద ఉంది, పనికి వస్తారా, వేరేవాళ్ళను చూసుకోమంటారా అని అడిగాడు. తండా ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. గాజులు ఎవరూ తీయలేదు. ఠాణా బావి దగ్గర గుడ్డలు తడిపి మణికట్టు నుంచి భుజం దాకా చుట్టుకున్నారు. తడిగుడ్డల మీద చుక్కలు కారుతుండగా తోట దిక్కు నడిచారు. వాటిని ఎంతసేపటికి ఒకసారి తడపాలని ఒకామె ధోండిబాను అడిగింది. అతను తెలియదన్నాడు.

భీమ్లి పోలేదు. మెట్టు మీద కూర్చొని మిగతా గాజులు ఒక్కొక్కటిగా తీసింది. భుజం దగ్గరివి రాకపోతే ముహర్రిర్ ఉడుకునీళ్ళు తెచ్చిచ్చాడు. మెత్తబడ్డాక వచ్చాయి. వాటిని బల్ల మీద పేర్చింది. దీపం పెట్టే వేళకు యాకూబ్ బేగ్ లాంతరును బల్ల మీది నుంచి తీయించి కిటికీ గూట్లో పెట్టించాడు. కళ్ళద్దాలు తీసి సొరుగులో వేశాడు.

నర్సింలు సైకిల్ మీద తండాకు పోయి తిరిగి వచ్చాడు. లక్‌పతి ఇంటికి రాలేదని చెప్పాడు. తలుపు వేసే ఉంది. ముంగిట్లో కట్టుగొయ్య ఉంది. గోలెంలో పొద్దున భీమ్లి పోసి వచ్చిన కుడితి అట్లాగే ఉంది. ఎడ్లు లేవు.